ఇచ్చినవాళ్ళకే తాళం వేస్తే ఎలా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండి, మైకు దగ్గరికి జరుగుతాను. సరే.

పాత సెట్లు బాగుచేసే మనం అందరం కలిసి రాసుకున్న రిపేరు నోట్ల గురించి మాట్లాడతాను, ఒక రబ్బరు బెల్టుతో మొదలుపెడతాను. పాత క్యాసెట్ డెక్ విప్పినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా, మీకు తెలిసిన దృశ్యమే ఇది. పై మూత తీస్తాం, లోపల మోటారుకీ, ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికీ మధ్య బెల్టు ఉండాలి, ఉండదు. దాని చోట నల్లటి తారు ముద్ద ఉంటుంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది, వేలి నుంచి చొక్కాకి అంటుకుంటుంది, ఇక వదలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లలు ముంచి, పుల్లీ గాడిలో ఉన్నదంతా తుడిచి తుడిచి తీస్తే ఒక గంట పడుతుంది. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. కొత్త బెల్టు ఎంత కొలత? పాతది కరిగిపోయింది, కొలవడానికి లేదు. సర్వీస్ మాన్యువల్ దొరికినా అందులో పార్టు నంబరే ఉంటుంది, కొలత ఉండదు. ఆ పార్టు తయారీ ఆగిపోయి ఎన్నేళ్ళయిందో.

నేనేం చేశానంటే, ఒక దారం తీసుకుని పుల్లీల చుట్టూ బెల్టు తిరిగే దారిలోనే తిప్పి, కొస కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచాను. 252 మిల్లీమీటర్లు వచ్చింది. బెల్టు కొంచెం బిగువుగా ఉండాలి కాబట్టి అందులో ఓ ఐదు శాతం తగ్గించాలి, అంటే 239, 240. వేశాను, ఆడింది. సంతోషంగా ఒక నోటు రాసి, మాలాంటి వాళ్ళందరం కలిసి ఇంటర్నెట్‌లో పోగుచేసుకుంటున్న రిపేరు నోట్ల సేకరణలో పెట్టాను. అందులో ఏమని రాశాను? "బెల్టు సైజు 76" అని రాశాను. అంతే.

నెల తర్వాత ఎవరో మనిషి, నాకు ముఖం తెలియదు, కింద ఒక లైను రాశాడు. "76 అంటే లోపలి వ్యాసమా? మడిచిపెట్టి కొలిచిన పొడవా? నేను మడిచిన పొడవు అనుకుని తెప్పించుకున్నాను, పుల్లీ దాకా కూడా రాలేదు." చూడండి, నేను వ్యాసం రాశాను, బెల్టులు అమ్మేవాళ్ళలో కొందరు మడిచిన పొడవు రాస్తారు, కొందరు చుట్టుకొలత రాస్తారు. నా తల్లో స్పష్టంగా ఉన్నది కాగితం మీద స్పష్టంగా లేదు. దిద్దాను. ఇంకొన్నాళ్ళకి మూడో మనిషి వచ్చి, అదే మోడల్‌లో తర్వాత వచ్చిన వెర్షన్‌కి మోటారు పుల్లీ చిన్నదనీ, దానికి ఈ బెల్టు వదులవుతుందనీ రాసి, 3000 హెర్ట్జ్ టెస్ట్ టేపు పెట్టి స్పీడు ఎంత వచ్చిందో కూడా రాశాడు.

ఇప్పుడు ఆ నోటు ఎవరిది? నాదా? మొదటి లైను నాది. కానీ నా లైను ఒక్కటే ఉంటే అది మనిషిని తప్పుదారి పట్టించే లైను. దాన్ని పనికొచ్చేలా చేసింది ఆ రెండో మనిషి ప్రశ్న, మూడో మనిషి కొలత. ముగ్గురం కలిసి చేసిన వస్తువది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ నోటు ఎవరిది?

కొన్నేళ్ళ తర్వాత ఆ సేకరణ చేతులు మారింది. ఎవరి నుంచి ఎవరికి అనేది చెప్పను, ఇక్కడ అది ముఖ్యం కాదు. మొదలుపెట్టినాయనకి ఓపిక అయిపోయింది, ఖర్చు కూడా భారమైంది, వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు సభ్యత్వం పెట్టారు. ఒకరోజు అదే మోడల్ డెక్ ఇంకోటి నా చేతికొచ్చింది, నా నోటు నేనే చూసుకుందామని వెళ్ళాను. మొదటి నాలుగు లైన్లు కనిపించాయి. మిగతాది చూడాలంటే డబ్బు కట్టమని ఉంది.

నాకు డబ్బు గురించి బాధ లేదు, ఇది నమ్మండి. ఒకసారి కట్టేస్తే పోయేది. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. పాత వాల్వ్ రేడియోల, అంటే గాజు గొట్టాలతో పనిచేసేవాటి, విభాగంలో ఒక నోటు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్ల గురించి. మీకు తెలుసు, వాటిలో చాసిస్, అంటే లోపలి ఇనుప చట్రం, నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది, ప్లగ్గు అటూ ఇటూ అయితే ఆ ఇనుప రేకు మొత్తం షాక్ కొట్టే రేకే. ఆ నోటు రాసినాయనకి ఈ సంగతి తెలియక, చాసిస్‌ని ముందు ఎర్త్ చేసుకుని పని మొదలుపెట్టమని రాశాడు. ఎంత ప్రమాదమో ఆలోచించండి. ప్లగ్గు తిరగబడి ఉంటే లైనునే తీసుకెళ్ళి ఎర్త్‌కి కలిపినట్టు. నేను కింద దిద్దుబాటు రాశాను, ఇలాంటి సెట్టుని, కరెంటు లైను నుంచి దాన్ని వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు అని. ఇంకో ఇద్దరు కూడా రాశారు. తాళం పడ్డాక ఏమైంది? మొదటి నాలుగు లైన్లు ఊరికే చూడొచ్చు కదా, ఆ నాలుగు లైన్లలోనే తప్పు సలహా ఉంది. దిద్దుబాట్లన్నీ తాళం లోపల ఉన్నాయి.

వాళ్ళకి రాశాను. రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. కావాలని చేశారని నేను అనను, ఆ నోటులో ఏముందో వాళ్ళు చదివి ఉండరు, అంతే. కానీ చదవనివాళ్ళ చేతిలో తాళం చెవి ఉంది, చదివినవాళ్ళ చేతిలో లేదు. మన గొడవంతా ఇక్కడే ఉంది.

ఇది మన అభిరుచిలోనే మొదటిసారి జరిగిందనుకోకండి. పాటల సీడీలు గుర్తున్నాయా? కంప్యూటర్‌లో సీడీ పెడితే పాటల పేర్లు వాటంతటవే వచ్చేవి. సీడీలో పేర్లుండేవి కావు, మరి ఎక్కణ్ణించి వచ్చేవి? జనం టైపు చేశారు. 1990ల్లో సీడీడీబీ అని ఒక సేకరణ ఉండేది, సీడీ కొన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని, అట్ట వెనక చూసి, ఒక్కో పాట పేరు కొట్టి పంపేవాళ్ళు. వేలమంది. ఎవరికీ ఒక్క పైసా ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. 1998లో దాన్ని ఒక కంపెనీ కొన్నది. తర్వాత అది గ్రేస్‌నోట్ అయింది. 2001లో లైసెన్సు తీసుకోని ప్రోగ్రాములకి తలుపు మూసేసింది. 2008లో సోనీ ఆ కంపెనీని 26 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ టెక్నాలజీలో కంపెనీ సొంత కష్టం కూడా ఉంది, నేను కాదనను. కానీ పునాది రాళ్ళు మోసింది ఎవరు? సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అయితే అందులోనే మంచి సంగతి ఒకటుంది. మూతపడకముందు ఆ సర్వర్ ప్రోగ్రామ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండేది. దాన్ని పట్టుకుని కొందరు ఫ్రీడీబీ అని వేరుగా మొదలుపెట్టారు. అది 2020 దాకా నడిచింది. ఆ గొడవలోంచే మ్యూజిక్‌బ్రెయిన్జ్ కూడా పుట్టింది, అది ఇప్పటికీ ఉంది, దాంట్లోని ప్రధానమైన డేటాని ఎవరైనా మొత్తంగా దింపుకోవచ్చు. మొత్తంగా అన్నాను, గమనించారా? ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు రెండో వైపు మాట్లాడాలి. మాట్లాడకపోతే అన్యాయం అవుతుంది. సేకరణ నడిపే మనిషి వైపు. సర్వర్‌కి నెలనెలా డబ్బు కట్టేది ఆయన. అర్ధరాత్రి పాడైతే లేచి చూసేది ఆయన. చెత్త ప్రకటనలు తీసేసేది, ఇద్దరు కొట్లాడుకుంటే ఇద్దరికీ సర్దిచెప్పేది ఆయన. మనం ఏడాదికోసారి వచ్చి, కావలసిన డయాగ్రమ్ దింపుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్ళిపోతాం. ఇక్కడున్నవాళ్ళలో, మీరు వాడే సేకరణకి ఎప్పుడైనా ఒక్కసారి డబ్బు పంపినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను, మొదటి ఆరేళ్ళు నేనూ పంపలేదు.

ఇంకో బాధ కూడా ఉంది వాళ్ళకి. ఒకాయన నాకు తెలుసు, పాత టేప్ రికార్డర్ల మాన్యువల్స్ వందల కొద్దీ స్కాన్ చేశాడు. మడతపేజీలు, ఆ పెద్ద సర్క్యూట్ డయాగ్రములు, ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి, గీతకి గీత కలిపి అతికించి, మరకలు తుడిచి పెట్టాడు. ఒక్కో డయాగ్రమ్‌కి ఒక సాయంత్రం. ఊరికే ఇచ్చాడు. ఎవరో వాటన్నింటినీ దింపుకుని, ఒక డిస్క్‌లో వేసి, వేలం సైట్లలో అమ్మడం మొదలుపెట్టారు. ఈయన పెట్టిన పేజీ అంచు గుర్తులు కూడా అలాగే ఉన్నాయి అందులో. ఆయనకి మనసు విరిగిపోయింది. మొత్తం మూసేశాడు, తెలిసినవాళ్ళు అడిగితే తప్ప ఇవ్వడు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. కానీ ఒకటి చెప్తాను, ఆయనకి కూడా ఇదే చెప్పాను. మూసేయడం వల్ల అమ్మేవాడికి నష్టం లేదు, వాడి దగ్గర కాపీ ఉంది. నష్టం కొత్తగా వచ్చే కుర్రాడికి. ఊరికే దొరికే చోటు మూతపడితే, ఇక దొరికేది ఆ అమ్మేవాడి దగ్గరే.

మరి డబ్బు తీసుకోవడమే తప్పా? కాదు. 1946 నుంచి అమెరికాలో హోవర్డ్ శామ్స్ కంపెనీ ఫోటోఫ్యాక్ట్ అని రిపేరు ఫోల్డర్లు అమ్మేది. రేడియోలు, తర్వాత టీవీలు. వాళ్ళ మనుషులు ఒక్కో సెట్టు తెచ్చి, విప్పి, కొలిచి, సర్క్యూట్ వాళ్ళే గీసి, ఫోటోలు తీసి ముద్రించేవాళ్ళు. మెకానిక్కులు కొనుక్కునేవాళ్ళు. అందులో తప్పేముంది? వాళ్ళు పని చేశారు, జీతాలిచ్చి చేయించారు, దాన్ని అమ్మారు. నేను పుస్తకం రాస్తే అమ్ముకుంటాను, మీరూ అంతే. నా గొడవ అమ్మకం మీద కాదు. నలుగురు కలిసి తవ్విన బావికి ఒకడు వచ్చి గిలక బాగుచేశాడు, తాడు మార్చాడు, బాగుంది, తాడుకి డబ్బు అడగనివ్వండి, ఇద్దాం. బావికి తాళం వేసి, తవ్వినవాళ్ళనే నీళ్ళు కొనుక్కోమంటే మాత్రం ఒప్పుకోను.

చట్టం ఏమంటుంది అని ఎవరో ఇందాక టీ దగ్గర అడిగారు. నేను లాయర్ని కాను, కానీ ఈ గొడవల్లో పడ్డాక కొంత చదువుకున్నాను. కాపీరైటు అనేది రాసిన తీరుకి, గీసిన బొమ్మకి ఉంటుంది. విషయానికి ఉండదు. "ఈ డెక్‌కి 76 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బెల్టు పడుతుంది" అనేది ఒక నిజం, అది ఎవరి సొంతమూ కాదు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు టెలిఫోన్ డైరెక్టరీ కేసులో ఈ మాటే తేల్చింది. పేర్లు, నంబర్లు పోగుచేయడానికి ఎంత చెమటోడ్చినా, కష్టపడ్డానన్న ఒక్క కారణంతో కాపీరైటు రాదు అని. యూరప్‌లో దారి వేరు. అక్కడ 1996లో డేటాబేసుల మీద ప్రత్యేకంగా ఒక హక్కు తెచ్చారు, పదిహేనేళ్ళు ఉంటుంది. అది ఎవరికి? పెట్టుబడి పెట్టి సేకరణ తయారుచేసినవాడికి. ఒక్కో నోటు రాసిన మనకి కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, చాలామందికి తెలియదు.

కంపెనీ మాన్యువల్స్ సంగతి వేరే. అవి వాళ్ళ రాత, వాళ్ళ బొమ్మలు. 2012లో ఆస్ట్రేలియాలో ఒకాయన ల్యాప్‌టాప్ సర్వీస్ మాన్యువల్స్ ఊరికే పంచుతుంటే తోషిబా లాయర్ల ద్వారా నోటీసిచ్చింది, ఆయన తోషిబావన్నీ తీసేయాల్సి వచ్చింది. విప్పే పద్ధతి చెప్పే కాగితం అది! మరలు ఎక్కడున్నాయో చెప్పే కాగితం! నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ కాపీరైటు పేరు చెప్పి వాళ్ళ మాట చెల్లించుకున్నారు. అందుకే నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఏమిటంటే, స్కాన్ పెట్టడంతో ఆగకండి. మీరు విప్పండి, మీరు కొలవండి, మీ మాటల్లో రాయండి, మీ ఫోటోలు పెట్టండి. అది ఎవరూ తీసేయమనలేరు. పైగా మీ నోటు ఫ్యాక్టరీ మాన్యువల్ కంటే ఎక్కువ చెప్తుంది. ఎలాగంటారా? ఆ పాత కాగితపు కండెన్సర్లు ఉంటాయి కదా, ఔట్‌పుట్ వాల్వ్‌ని అదుపుచేసే గ్రిడ్ దగ్గర ఉండేది ఒకటి, ఏళ్ళు గడిచేకొద్దీ అది లీకవుతుంది. లీకైతే గ్రిడ్ మీదకి పాజిటివ్ వోల్టేజి వచ్చేస్తుంది, వాల్వ్ ఎర్రగా కాలుతుంది, దాంతోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. ఫ్యాక్టరీవాళ్ళు కొత్త సెట్టుకి మాన్యువల్ రాశారు. అరవై ఏళ్ళ తర్వాత ఆ సెట్టు ఎలా ముసలిదవుతుందో వాళ్ళకేం తెలుసు? అది రాసింది మనం. సెట్టు ఆన్ చేయకముందే ఆ ఒక్కటీ మార్చు అని పక్కవాడికి చెప్పింది మనం.

ఇప్పుడు ఆ "మొత్తంగా" అన్న మాట. వికీట్రావెల్ అని ప్రయాణాల సమాచారం, అందరూ కలిసి రాసేది. 2006లో ఒక కంపెనీ కొన్నది. ప్రకటనలు, ఇంకా ఏవేవో అసంతృప్తులు. రాసేవాళ్ళు చాలామంది లేచి బయటికొచ్చేశారు. ఎలా రాగలిగారు? మొదటిరోజు నుంచీ ఆ రాతలన్నీ స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి. తీసుకుపో, మార్చుకో, పంచు, కానీ పేరు చెప్పు, నువ్వూ అదే షరతు మీద పంచు అనే లైసెన్సు. మొత్తం కాపీ తీసుకుని వికీవాయేజ్ పెట్టుకున్నారు, 2013 జనవరిలో అది వికీపీడియాని నడిపే వికీమీడియా కిందికి అధికారికంగా వచ్చింది. కంపెనీ ఇద్దరు వాలంటీర్ల మీద కేసు కూడా వేసింది, చివరికి రాజీ అయింది. వాళ్ళకి ఉన్నదీ మాకు లేనిదీ ఏమిటో తెలుసా? ఒక్క పేరా. లైసెన్సు అని రాసిన ఒక్క పేరా. మా సేకరణలో ఎవరం రాసుకోలేదు. అందరం స్నేహితులమే కదా, కాగితాలెందుకు అనుకున్నాం. స్నేహితుడు వెళ్ళిపోయాడు, కాగితం లేదు.

ఏ లైసెన్సు అనేదాని మీద మనలో మనకే వాదన ఉంది. ఐఫిక్సిట్ అనే రిపేరు గైడ్ల సైటులో వ్యాపారానికి వాడకూడదు అనే షరతు ఉంది. డిస్క్‌లు అమ్మేవాణ్ణి ఆపడానికి అది పనికొస్తుంది, మా స్కానింగ్ మిత్రుడు కూడా అదే కావాలంటాడు. నా మొగ్గు ఆ షరతు లేకుండా, పంచినవాడు కూడా అదే షరతు మీద పంచాలి అనేదాని వైపు. ఎందుకంటే రేపు మన సర్వర్ పడిపోతే ఎవరో ఒకరు డబ్బు వసూలు చేసైనా దాన్ని బతికించాల్సి రావచ్చు, వాళ్ళ చేతులు మనం ముందే కట్టేయకూడదు. మీకు ఇంకో అభిప్రాయం ఉండొచ్చు. ఉంటే ఆ షరతే పెట్టుకోండి. కానీ ఏదో ఒకటి రాసి పెట్టండి, మొదటి నోటు పడకముందే రాసి పెట్టండి, తర్వాత వేలమందిని వెతికి అడగలేం.

లైసెన్సు ఒక్కటే చాలా? చాలదు. 2017లో ఫోటోబకెట్, మన ఫోటోలు పెట్టుకునే సైటు, ఏం చేసిందో గుర్తుందా? బయట పేజీల్లో ఫోటోలు కనిపించాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. ఒక్కరోజులో మన రిపేరు నోట్లలో ఫోటోలన్నీ బూడిదరంగు పెట్టెలైపోయాయి. "కింది ఫోటోలో చూపించిన మర విప్పండి" అని ఉంటుంది, కింద ఫోటో ఉండదు. హక్కు ఎవరిదైనా కావచ్చు, కాపీ మన దగ్గర లేకపోతే ఆ హక్కుతో ఏం చేస్తాం? అందుకే హక్కూ ఉండాలి, దాంతోపాటు ఎవరు పడితే వాళ్ళు మొత్తం ఒకేసారి దింపుకునే వీలూ ఉండాలి, ఏటా ఒకసారైనా నిజంగా దింపుకున్నవాళ్ళు ఓ పదిమంది ఉండాలి.

చివరగా ఒక సంగతి, చెప్పడం కష్టంగానే ఉంది. మా దగ్గర తాళం పడినప్పుడు కొందరు కోపంతో వాళ్ళ నోట్లు చెరిపేశారు. డబ్బు కట్టి లోపలికి వెళ్ళి మరీ చెరిపేశారు. నేనూ కట్టాను, చెరిపేయడానికే కట్టాను. బెల్టు నోటు తెరిచాను. కింద ఆ రెండో మనిషి లైను ఉంది, మూడో మనిషి కొలత ఉంది, వాటి కింద ఇంకెవరో "మా నాన్న డెక్, పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ పాడింది" అని రాశారు. నాది చెరిపేస్తే వీటికి అర్థం లేకుండా పోతుంది. పైగా ఆ క్షణంలో ఎక్కడో ఎవరో డెక్ విప్పుకుని, చేతులకి తారు అంటించుకుని, ఈ పేజీ కోసం వెతుకుతూ ఉండొచ్చు. వాళ్ళతో నాకేం గొడవ? చెరపలేకపోయాను. చెరిపినవాళ్ళని తిట్టను, వాళ్ళ రాత వాళ్ళది. నేను మాత్రం నేను రాసినవన్నీ ఒక్కొక్కటిగా కాపీ చేసుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. మిగతావాళ్ళకి రాశాను, మీవి మీరు పంపండి అని. నలభై ఒక్కమంది పంపారు. ఆ బెల్టు ప్రశ్న అడిగిన మనిషి మాత్రం దొరకలేదు. ఆయన మాటని ఆయన మాటల్లో పెట్టే హక్కు నాకు లేదు కాబట్టి, నోటు మళ్ళీ కొత్తగా రాశాను, వ్యాసం, చుట్టుకొలత, మడిచిన పొడవు మూడూ ఇచ్చాను, ఈ పొరపాటు ఒక చదువరి చెప్తే తెలిసింది అని కింద పెట్టాను.

అవన్నీ అక్కడ తలుపు పక్కన టేబుల్ మీద ఆ నల్ల డ్రైవ్‌లో ఉన్నాయి. మొదటి ఫైల్ లైసెన్సు, అది చదవండి, అర పేజీయే. వాల్వ్ రేడియోల ఫోల్డర్‌లో ఎర్త్ గురించిన హెచ్చరిక మొదటి లైనులోనే ఉంది, ఈసారి కింద కాదు. కేబుల్స్ రెండే ఉన్నాయి, కాబట్టి వరుసలో రండి, కాపీ అవడానికి ఓ పావుగంట పడుతుంది, ఆ లోపు ప్రశ్నలుంటే నేను ఇక్కడే ఉంటాను.